శంషాబాద్–దుబాయ్ డైరెక్ట్ ఫ్లైట్: మన జిల్లాల నుంచి చూస్తే దూరమెంత, టైమెంత

శంషాబాద్ నుంచి దుబాయ్‌కి గాల్లో దూరం సుమారు 2,550 కిలోమీటర్లు. డైరెక్ట్ ఫ్లైట్ ఎక్కితే పోయేటప్పుడు నాలుగు గంటలు, ఓ పది నిమిషాలు అటూ ఇటూ. వచ్చేటప్పుడు మూడున్నర. జగిత్యాల నుంచి శంషాబాద్‌కు రోడ్డు మీద 260 కిలోమీటర్ల దరిదాపే, కానీ దానికి ఐదు గంటలు పైనే పడుతుంది. ఈ సర్వీసును కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, వరంగల్ వాళ్లు ఈ లెక్కతోనే చూడాలి. టికెట్ కొనేటప్పుడు అందరూ అడిగేది గాల్లో ఎన్ని గంటలని. అది ఏ కంపెనీ ఫ్లైట్‌కైనా ఇంచుమించు ఒకటే. ప్రయాణం సుఖంగా సాగేదీ నరకమయ్యేదీ బయల్దేరే గంటను బట్టి, దిగే ఎయిర్‌పోర్టును బట్టి, ఆ ఎయిర్‌పోర్టులో దిగే టెర్మినల్‌ను బట్టి.

రూటుగా చూస్తే ఐదుకు నాలుగు మార్కులు ఇవ్వొచ్చు. డైరెక్ట్ సర్వీసులు చాలా ఉన్నాయి. ఎమిరేట్స్, ఇండిగో, ఫ్లైదుబాయ్ దుబాయ్‌కి, ఎయిర్ అరేబియా షార్జాకు, ఎతిహాద్ అబుదాబికి నడుపుతున్నాయి. కావాల్సిన రోజు టికెట్ దొరక్కపోవడం అరుదు. ఆ ఒక్క మార్కు తగ్గించేది వేళల వల్ల. నడిరాత్రి, తెల్లవారుజామున లేచే ఫ్లైట్లు ఎక్కువ కావడంతో జిల్లాల నుంచి వచ్చేవాళ్లకు ఒక పూర్తి రాత్రి నిద్ర పోతుంది.

దూరం లెక్క ఎట్లా వస్తుంది

ఇంటర్నెట్‌లో రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు కొడితే దూరం, టైము చెప్పే పేజీలు చాలా ఉన్నాయి. దూరం విషయంలో వాటిని నమ్మొచ్చు. శంషాబాద్ 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. దుబాయ్ 25.25, 55.36 మీద ఉంది. భూగోళం మీద ఈ రెండు బిందువులను కలిపే అతి పొట్టి వంపు గీత పొడవు 2,546 కిలోమీటర్లు, అంటే సుమారు 1,375 నాటికల్ మైళ్లు. ఒక పేజీలో 2,540, ఇంకో పేజీలో 2,555 కనిపిస్తే కంగారు అక్కర్లేదు. లెక్క కట్టే పద్ధతిలో తేడా అంతే. అయితే కొన్ని పేజీలు ఎయిర్‌పోర్టు బదులు నగరం నడిబొడ్డు నుంచి కొలుస్తాయి, అక్కడ కూడా కొన్ని కిలోమీటర్లు మారుతుంది.

టైము విషయంలో మాత్రం ఆ పేజీలను నమ్మకండి. అవి చేసేది చాలా మొరటు లెక్క. దూరాన్ని గంటకు 850 కిలోమీటర్ల స్థిర వేగంతో భాగించి, ఎక్కడానికి దిగడానికి అరగంట కలుపుతాయి. 2,550ని 850తో భాగిస్తే మూడు గంటలు, దానికి అరగంట కలిపితే మూడున్నర. పోయేటప్పుడూ మూడున్నరే, వచ్చేటప్పుడూ మూడున్నరే అని చూపిస్తాయి. టికెట్ మీద మాత్రం పోయేటప్పుడు నాలుగు గంటలు దాటి ఉంటుంది. ఆ తేడా గాలిది.

మన తలల మీద, పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో, చలికాలం పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలి వీస్తుంది. శంషాబాద్ నుంచి దుబాయ్ వాయవ్య దిక్కున, పడమరకు కాస్త దగ్గరగా ఉంటుంది. అంటే పోయే ఫ్లైట్ ఎదురుగాలిలో ఈదాలి. గంటకు 80 కిలోమీటర్ల ఎదురుగాలి ఉందనుకుంటే 850 వేగం కాస్తా నేల మీద 770 అవుతుంది. 2,550 కిలోమీటర్లకు 3 గంటల 19 నిమిషాలు. అదే గాలి వెనక నుంచి తోస్తే 930, అప్పుడు 2 గంటల 45 నిమిషాలు. రెండు వైపులా టాక్సీయింగ్ (ఫ్లైట్ నేల మీద రన్‌వేకూ గేటుకూ మధ్య నడవడం), పైకెక్కడం, కిందికి దిగడం కలిపి ముప్పావుగంట వేసుకోండి. పోయేటప్పుడు నాలుగు గంటల నాలుగు నిమిషాలు, వచ్చేటప్పుడు మూడున్నర. టికెట్ల మీద కనబడే అంకెలు ఇట్లాగే వస్తాయి. వానాకాలంలో ఈ పడమటి గాలులు హిమాలయాల అవతలికి జరుగుతాయి. కాబట్టి జూన్ నుంచి సెప్టెంబర్ వరకు పోవడానికీ రావడానికీ తేడా తగ్గుతుంది.

టికెట్ మీద రాసే టైము చక్రం కదిలిన దగ్గర్నుంచి మళ్లీ గేటు దగ్గర ఆగేదాకా. అందులో కంపెనీలు కొంత వెసులుబాటు కూడా కలిపి పెట్టుకుంటాయి. అందుకే అరగంట లేటుగా లేచిన ఫ్లైట్ కూడా ఒక్కోసారి అనుకున్న టైముకే దిగుతుంది. శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి. గాలి తూర్పు నుంచి ఉన్నరోజు ఫ్లైట్ తూర్పుకు లేచి, మలుపు తీసుకొని పడమరకు తిరగాలి, అక్కడ కొన్ని నిమిషాలు పోతాయి. ఆ తర్వాత దారి సాఫీ. మహారాష్ట్ర మీదుగా, ముంబయికి దగ్గరగా అరేబియా సముద్రం మీదికి, అక్కణ్ణుంచి ఒమన్ వైపు. ఈ దారికి పాకిస్తాన్ గగనతలం అవసరం లేదు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకు దారి మూసేసినప్పుడు ఢిల్లీ నుంచి పడమరకు పోయే ఫ్లైట్లు చుట్టు తిరగాల్సి వచ్చింది. హైదరాబాద్–దుబాయ్ రూటుకు ఆ బాధ తగల్లేదు. దక్షిణాది ఎయిర్‌పోర్టు నుంచి గల్ఫ్ పోవడంలో ఉన్న పెద్ద లాభం ఇది.

దుబాయ్ దగ్గర మాత్రం గాల్లో గిరికీలు కొట్టే ప్రమాదం ఉంది. అక్కడ రెండు రన్‌వేలే, రద్దీ ప్రపంచంలోనే పెద్ద ఎయిర్‌పోర్టులంత. చలికాలం తెల్లవారుజామున పొగమంచు దిగితే ల్యాండింగ్‌కు ఫ్లైట్లు వరుస కడతాయి. డిసెంబర్, జనవరి నెలల్లో పొద్దున ఆరేడు గంటలకు దుబాయ్‌లో దిగే టికెట్ తీసుకుంటే అరగంట అదనం వేసుకోవాలి. అదేరోజు డ్యూటీ ఎక్కాల్సినవాళ్లు దాన్ని వదిలేసి ముందటి రోజుది కొనుక్కోవడం మేలు.

గడియారం చేసే మోసం, తేదీ చేసే పెద్ద మోసం

దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. శంషాబాద్‌లో తెల్లవారుజాము 4:00కు లేచిన ఫ్లైట్ 4 గంటల 10 నిమిషాలు ఎగిరితే మన టైము 8:10, అక్కడి టైము 6:40. టికెట్ మీద 4:00, 6:40 అని పక్కపక్కన చూసి రెండు గంటల నలభై నిమిషాల ప్రయాణమే అనుకుంటారు. తిరుగు ప్రయాణంలో రాత్రి 10:30కు దుబాయ్‌లో లేచి మూడున్నర గంటలు ఎగిరితే మన టైము 3:30 అవుతుంది. టికెట్ మీద చూస్తే ఐదు గంటలు. అంటే తొందరగా అయిపోయే తిరుగు ప్రయాణమే పొడుగ్గా కనబడుతుంది, ఎక్కువసేపు పట్టేది పొట్టిగా కనబడుతుంది. గంటల్లో ఎంతో తెలియాలంటే టికెట్‌లో ప్రయాణ సమయం అని విడిగా రాసి ఉండే అంకెనే చూడాలి.

గంటన్నర తేడాతో వచ్చే నష్టం చిన్నది. తేదీతో వచ్చేది పెద్దది. 15వ తేదీ 4:00 అని టికెట్ మీద ఉంటే 14వ తేదీ సాయంత్రం ఇల్లు దాటాలి. 15 అని రాసుంది గదా అని 15 రాత్రి బండి మాట్లాడుకొని ఎయిర్‌పోర్టుకు వచ్చేసరికి ఫ్లైట్ పోయి ఇరవై గంటలవుతుంది. దీనికి వాపసు ఉండదు, టికెట్ ధరలో చేతికి దక్కేది పన్నులు మాత్రమే. వచ్చేటప్పుడూ ఇదే. దుబాయ్‌లో 20వ తేదీ రాత్రి ఎక్కితే శంషాబాద్‌లో దిగేది 21 తెల్లవారుజామున. ఇంటివాళ్లకు ఎక్కే తేదీ చెప్తే బండి ఒకరోజు ముందే వచ్చి కూర్చుంటుంది. దిగే తేదీ, దిగే గంట మన టైములో చెప్పాలి. బండి మాట్లాడేటప్పుడు ‘20 రాత్రి తెల్లవారితే 21’ అని రెండు తేదీలూ చెప్పడం ఉత్తమం.

ఊరి నుంచి శంషాబాద్ దాకా

మొత్తం ప్రయాణంలో తప్పు జరిగేది ఎక్కువగా ఇక్కడే.

అంతర్జాతీయ ఫ్లైట్లకు చెక్-ఇన్ కౌంటర్ సాధారణంగా ఫ్లైట్ టైముకు 60 నిమిషాల ముందు మూస్తారు, కొన్ని కంపెనీలు 75 నిమిషాల ముందే. ఇది కచ్చితమైన గీత. ఫ్లైట్ ఇంకా గేటు దగ్గరే ఉంది గదా అని ఎంత బతిమాలినా కౌంటర్ తెరవరు, ఎందుకంటే ప్రయాణికుల జాబితా అప్పటికే మూసేసి, సామాను బరువు లెక్క కట్టేసి ఉంటారు. కొత్త వీసా మీద మొదటిసారి పోయేవాళ్లు మూడు గంటల ముందు చేరాలి. పాత వీసా, సెలవు మీద వచ్చి తిరిగి పోయేవాళ్లకు రెండున్నర గంటలు చాలు.

కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి వైపు నుంచి రాజీవ్ రహదారి మీద వచ్చేవాళ్లు శామీర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి ఘట్‌కేసర్, పెద్ద అంబర్‌పేట మీదుగా శంషాబాద్ చేరడం మంచిది. సికింద్రాబాద్ లోపలికి దిగితే పగటిపూట గంట పోయినట్టే. కరీంనగర్ నుంచి ఈ దారిన నాలుగు గంటలు, జగిత్యాల నుంచి ఐదు దాటుతుంది. రాజీవ్ రహదారి మీద ఊళ్లు, యూటర్న్‌లు ఎక్కువ. వరి కోతల కాలంలో, అంటే ఏప్రిల్–మేలోనూ అక్టోబర్–నవంబర్‌లోనూ, వడ్లు ఆరబోసి రోడ్డు సగం ఆక్రమిస్తారు, చీకట్లో ధాన్యం ట్రాక్టర్లు వెనక లైటు లేకుండా నడుస్తాయి. ఆ నెలల్లో రాత్రి ప్రయాణానికి ఇంకో ముప్పావుగంట కలుపుకోండి. డ్రైవర్‌ను తొందర పెట్టడం కంటే ముందే బయల్దేరడం ప్రాణానికి మంచిది.

వరంగల్, హనుమకొండ వాళ్లకు దారి తేలిక. 163వ నంబర్ జాతీయ రహదారి మీద జనగామ, భువనగిరి దాటి ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ ఎక్కితే మూడు నుంచి మూడున్నర గంటలు. ములుగు, భూపాలపల్లి వాళ్లు మేడారం జాతర ఏడాది ఆ నాలుగు రోజులూ, ముందూ వెనకా రెండు రోజులూ ఫ్లైట్ పెట్టుకోవద్దు. తప్పనిసరైతే ముందురోజే హైదరాబాద్ చేరుకోవాలి. నిజామాబాద్, కామారెడ్డి వాళ్లు 44వ నంబర్ రహదారిన వచ్చి మేడ్చల్ దగ్గర ఔటర్ ఎక్కొచ్చు.

బండి కిరాయి భారం అనుకుంటే బస్సు, రైలు ఉన్నాయి. కరీంనగర్, నిజామాబాద్ బస్సులు జూబ్లీ బస్ స్టేషన్‌కు వస్తాయి. సికింద్రాబాద్ వైపు నుంచి ఆర్టీసీ పుష్పక్ బస్సులు ఎయిర్‌పోర్టుకు నడుస్తాయి. మంచిర్యాల, రామగుండం, కాజీపేట వాళ్లకు రైలు సుఖం. కాజీపేట నుంచి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు, రెండు గంటల చుట్టుపక్కల. అయితే స్టేషన్‌లో దిగినప్పటి నుంచి టెర్మినల్ చేరడానికి ఇంకో గంటన్నర నుంచి రెండు గంటలు వదలాలి. ముప్పై కిలోల పెట్టెతో బస్సు మారడం ఒక్కడికి కష్టమే, ఇద్దరుంటే పర్వాలేదు.

సాగనంపడానికి తుఫాన్ బండి నిండా చుట్టాలు రావడం మన దగ్గర మామూలే. టికెట్ లేనివాళ్లను టెర్మినల్ లోపలికి పంపరు. బయల్దేరే గేట్లు పై అంతస్తులో, వచ్చేవాళ్లు బయటికొచ్చేది కింది అంతస్తులో. పాస్‌పోర్టు, వీసా కాగితాలు అక్క చేతి సంచిలో, తమ్ముడి జేబులో పెట్టి మర్చిపోతే లోపలి నుంచి మళ్లీ బయటికి రావడం పెద్ద తతంగం. ఆ సంచి ఇంటి దగ్గరే ప్రయాణికుడి మెడలో పడాలి.

వరంగల్ మామునూరు ఎయిర్‌పోర్టు గురించి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. నిజాం కాలంనాటి ఆ ఎయిర్‌ఫీల్డులో 1981 తర్వాత ఫ్లైట్లు ఆగిపోయాయి. తిరిగి కట్టడానికి కేంద్రం 2025 ఫిబ్రవరిలో అనుమతి ఇచ్చింది. అది తెరుచుకున్నా దుబాయ్ ఫ్లైట్ నేరుగా అక్కణ్ణుంచి లేవడానికి ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ కూడా రావాలి. ఇప్పుడు కొనే టికెట్ లెక్కలోకి దాన్ని తీసుకోలేం.

అటు దిగేది ఎక్కడ

శంషాబాద్ నుంచి షార్జా సుమారు 2,530 కిలోమీటర్లు, దుబాయ్ 2,550, అబుదాబి 2,590. గాల్లో చూస్తే మూడింటికీ తేడా ఐదు నిమిషాలు. నేల మీద చూస్తే అబుదాబి, దుబాయ్ ఎయిర్‌పోర్టుల మధ్య గంటకు పైన ప్రయాణం. కాబట్టి టికెట్ ధర చూసే ముందు కంపెనీ రూము ఎక్కడో చూడాలి.

అబుదాబి దగ్గరి ముసఫా క్యాంపులో ఉండేవాళ్లు అబుదాబికే కొనాలి, ఎయిర్‌పోర్టు నుంచి అరగంటలో రూము. రెండు వేలు తక్కువని దుబాయ్‌కి కొంటే అక్కణ్ణుంచి 140 కిలోమీటర్ల దరిదాపు పోవాలి. టాక్సీ ఎక్కితే ఆ మిగిలిన డబ్బు కంటే కొన్ని రెట్లు ఖర్చు. దుబాయ్‌లోని సోనాపూర్ లేబర్ క్యాంపుల్లో ఉండేవాళ్లకు దుబాయ్, షార్జా రెండూ దగ్గరే, ఏది చవకైతే అది. షార్జా ఇండస్ట్రియల్ ఏరియా వాళ్లకు షార్జా సరైనది. కానీ దుబాయ్‌లో అల్ కూజ్, జెబెల్ అలీ వైపు ఉండేవాళ్లు షార్జాలో పొద్దున ఏడింటికి దిగితే షార్జా నుంచి దుబాయ్‌కి పోయే ఆఫీసు రద్దీలో చిక్కుతారు. అరగంట దారి గంటన్నర కావడం అక్కడ రోజూ ఉండేదే.

దుబాయ్ టికెట్ మీద టెర్మినల్ నంబర్ తప్పకుండా చూడాలి. ఎమిరేట్స్ మూడో టెర్మినల్. ఇండిగో ఒకటో టెర్మినల్. ఫ్లైదుబాయ్ సర్వీసులు ఎక్కువగా రెండో టెర్మినల్, కొన్ని మూడులో. ఒకటి, మూడు టెర్మినళ్లకు మెట్రో రెడ్ లైన్ స్టేషన్లు ఆనుకొని ఉన్నాయి. రెండో టెర్మినల్‌కు మెట్రో లేదు, అది రన్‌వేల అవతలి పక్కన ఉంది. తీసుకుపోవడానికి వచ్చిన మనిషి ఒకటో టెర్మినల్‌లో, దిగిన మనిషి రెండులో ఉంటే కలుసుకోవడానికి అరగంట పైన పడుతుంది. కొత్తగా పోయి, ఇంకా అక్కడి సిమ్ లేని మనిషికి ఇది మామూలు ఇబ్బంది కాదు. ఎవరు వస్తున్నారో వాళ్ల నంబర్, టెర్మినల్, ఫ్లైట్ నంబర్ కాగితం మీద రాసి పెట్టుకోవాలి, ఫోన్‌లో మాత్రమే కాదు. మెట్రో రాత్రంతా నడవదు. ఆదివారం పొద్దున మొదలయ్యేదీ ఆలస్యంగానే. పెద్ద పెట్టె ఒకటి, చిన్నది ఒకటి మించి మెట్రోలో ఎక్కనివ్వరు.

దుబాయ్ పేరుతోనే డీడబ్ల్యూసీ అని ఇంకో ఎయిర్‌పోర్టు ఉంది, జెబెల్ అలీ వైపు. పాత ఎయిర్‌పోర్టు కోడ్ డీఎక్స్‌బీ. టికెట్ మీద ఏ మూడక్షరాలు ఉన్నాయో చూసి బండి మాట్లాడండి.

జగిత్యాల నుంచి సోనాపూర్ దాకా మొత్తం లెక్క వేస్తే ఇట్లా ఉంటుంది. సాయంత్రం ఏడింటికి ఇల్లు దాటితే నడిరాత్రి పన్నెండున్నర, ఒంటిగంటకు టెర్మినల్. నాలుగింటికి ఫ్లైట్. మన టైము 8:10కి దిగుతుంది. ఇమ్మిగ్రేషన్, సామాను అయ్యేసరికి గంటంబావు. రూము చేరేసరికి మన టైము పదిన్నర. పదిహేనున్నర గంటల్లో గాల్లో ఉన్నది నాలుగు గంటలు చిల్లర.

డైరెక్టా, మారి పోవడమా

ఇదే కారణంగా మధ్యలో ఎక్కడో ఆగి మారే టికెట్లు మన జిల్లాలవాళ్లకు గిట్టుబాటు కావు. ముంబయి మీదుగానో మస్కట్ మీదుగానో పోతే నాలుగు గంటల ప్రయాణం ఎనిమిది తొమ్మిది గంటలకు పెరుగుతుంది. దానికి మన రోడ్డు ప్రయాణం కలిస్తే ఒక పగలు, ఒక రాత్రి. తేడా బాగా ఎక్కువుంటే తప్ప డైరెక్టే కొనండి. మారే టికెట్టే కొనాల్సి వస్తే రెండు ఫ్లైట్లూ ఒకే పీఎన్ఆర్ (బుకింగ్ నంబర్) మీద ఉండాలి. ఏజెంట్ చవకగా వస్తుందని రెండు వేర్వేరు టికెట్లు అతికిస్తే ముంబయిలో సామాను దింపుకొని, మళ్లీ చెక్-ఇన్ చేయాలి, కొన్నిసార్లు టెర్మినలే మారాలి. మొదటి ఫ్లైట్ లేటైతే రెండోది పోతుంది, ఎవరూ బాధ్యత తీసుకోరు. ఒకే పీఎన్ఆర్ అయితే తర్వాతి ఫ్లైట్‌లో ఎక్కించాల్సిన బాధ్యత కంపెనీది.

కౌంటర్ దగ్గర ఆగిపోయేది ఎందుకు

ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే పదో తరగతి సర్టిఫికెట్ లేకుండా తీసినది, ఉన్నవాళ్లు పని వీసా మీద యూఏఈ పోవాలంటే ఈ-మైగ్రేట్ అనే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (పనికి పోవడానికి అనుమతి) ఉండాలి. ఈ నిబంధన ఉన్న 18 దేశాల్లో యూఏఈ ఒకటి. అది లేకుండా ఇమ్మిగ్రేషన్ దాటనివ్వరు. విజిట్ వీసా మీద పంపి అక్కడ పని వీసాకు మారుస్తానని చెప్పే ఏజెంట్ మాట నమ్మితే మధ్యలో ఆగిపోయేది ప్రయాణికుడే. నిజంగా విజిట్‌కే పోయేవాళ్లు తిరుగు టికెట్, ఉండే చోటు కాగితం చేతిలో పెట్టుకోవాలి. పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువు ఉండాలి. కొన్ని కంపెనీలు కొత్త వీసాలకు ‘ఓకే టు బోర్డ్’ అడుగుతాయి, అంటే వీసా సరిచూసి ఎక్కనివ్వొచ్చని బుకింగ్‌లో పెట్టే గుర్తు, అది పడిందో లేదో ఏజెంట్‌ను ముందురోజే అడగండి. తరచూ వచ్చిపోయేవాళ్లు ఫాస్ట్ ట్రాక్ ఇమ్మిగ్రేషన్‌కు ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు. 2025 జనవరి నుంచి హైదరాబాద్‌లోనూ ఉంది, ఫీజు లేదు.

సామాను విషయంలో రెండు వస్తువుల గురించి గట్టిగా చెప్పాలి. గసగసాలు యూఏఈలో నిషేధం. అక్కడి చట్టం వాటిని మాదకద్రవ్యాల కిందే చూస్తుంది, వంద గ్రాముల పొట్లమైనా జైలు దాకా పోవచ్చు. రెండోది ఎండు కొబ్బరి. అందులో నూనె ఎక్కువ, తనంతట తాను వేడెక్కి అంటుకునే గుణం ఉందని చెక్-ఇన్ సామానులో ఒప్పుకోరు. మన ఇళ్లలో మాంసం కూరకు దంచి ఇచ్చే మసాలాలో ఈ రెండూ ఉంటాయి. అమ్మ ప్రేమతో కట్టిన ఆ పొట్లం విప్పి చూసి, గసగసాలు, ఎండు కొబ్బరి లేకుండా మళ్లీ దంచించండి. తమలపాకులు, పాన్ కూడా వద్దు. సకినాలు, గరిజెలు, అరిసెలకు ఏ ఇబ్బందీ లేదు. మామిడి తొక్కు నూనెతో ఉంటుంది కాబట్టి చేతి సంచిలో కాదు, చెక్-ఇన్ పెట్టెలో, రెండు కవర్లలో కట్టి పెట్టాలి.

ట్రమడాల్ ఉన్న నొప్పి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందు డాక్టర్ చీటీ ఉన్నా ఊరికే పట్టుకుపోకూడదు. యూఏఈ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ముందే అనుమతి తీసుకోవాలి. పవర్ బ్యాంక్ ఎప్పుడూ చేతి సంచిలోనే. చెక్-ఇన్ పెట్టెలో మర్చిపోతే సెక్యూరిటీవాళ్లు పేరు పిలిచి పెట్టె తెరిపిస్తారు, అక్కడ అరగంట పోతుంది. ఒక్కో పెట్టె 32 కిలోలు దాటితే డబ్బు కడతామన్నా తీసుకోరు.

తిరుగు ప్రయాణంలో ఇంకో నిబంధన. అడుగు చదునుగా లేని గుండ్రటి మూటలను దుబాయ్ ఎయిర్‌పోర్టు 2017 మార్చి నుంచి ఒప్పుకోవడం లేదు, అవి సామాను బెల్టుల్లో ఇరుక్కుంటాయి. రగ్గులు, దుప్పట్లు తాడుతో చుట్టి తెచ్చే అలవాటు ఉన్నవాళ్లు చదరపు డబ్బాలో సర్దుకొని రావాలి. లేకపోతే అక్కడే డబ్బు పెట్టి మళ్లీ ప్యాక్ చేయించాలి.

లేటైతే ఏమడగాలి

ఈ రూటులో పెద్ద ఆలస్యాలు ఎక్కువగా అటువైపు వాతావరణం వల్ల వస్తాయి. 2024 ఏప్రిల్ 16న దుబాయ్‌లో కుండపోత వాన పడి రన్‌వేలు మునిగినప్పుడు రోజుల తరబడి ఫ్లైట్లు అస్తవ్యస్తమయ్యాయి. అట్లాంటప్పుడు ఇల్లు దాటకముందే ఫ్లైట్ స్థితి చూసుకుంటే జగిత్యాల నుంచి వచ్చి ఎయిర్‌పోర్టు నేల మీద పడుకునే బాధ తప్పుతుంది.

మన దేశ విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం రెండున్నర నుంచి ఐదు గంటల లోపు ప్రయాణ సమయం ఉన్న ఫ్లైట్ మూడు గంటలు లేటైతే, సమయానికి చెక్-ఇన్ చేసినవాళ్లకు తిండి, తాగునీరు ఇవ్వాలి. హైదరాబాద్–దుబాయ్ ఈ గుంపులోకే వస్తుంది. కౌంటర్‌లో తమంతట తాము చెప్పరు, అడిగినవాళ్లకే దొరుకుతుంది. కంపెనీలో డ్యూటీ చేరే తేదీ దాటుతుందంటే లేటైనట్టు కాగితం మీద రాయించుకోండి, అక్కడి మేనేజర్‌కు చూపించడానికి అదొక్కటే ఆధారం.

టైము మారినా రద్దైనా ఎయిర్‌లైన్స్ మెసేజ్ పంపేది బుకింగ్‌లో ఉన్న ఫోన్ నంబర్‌కే. ఏజెంట్ దగ్గర కొన్న టికెట్లలో చాలావాటికి ఏజెంట్ నంబరే ఉంటుంది. అర్ధరాత్రి ఆ మెసేజ్ కరీంనగర్‌లో ఏజెంట్ ఫోన్‌కు వస్తుంది, ప్రయాణికుడు సిద్దిపేట దాటి వస్తూ ఉంటాడు. టికెట్ చేతికి రాగానే ఎయిర్‌లైన్స్ వెబ్‌సైట్‌లో పీఎన్ఆర్, ఇంటిపేరు కొట్టి బుకింగ్ తెరవండి. పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు ఉందో లేదో చూసి, మీ నంబర్, ఇంట్లో మెలకువగా ఉండే ఇంకొకరి నంబర్ అందులో ఎక్కించండి.